దానము, ప్రార్థన, దైవదృష్టి

క్రైస్తవుల నూతన నిబంధనలో అపొస్తలుల కార్యములు అను గ్రంథమొకటి కలదు. దాని పదవ అధ్యాయమున ఒక రోమా సైనికాధికారి కథ వచ్చును. ఆ కథను గురించి నాలుగు మాటలు వ్రాయవలెనని మా సంకల్పము. తెలుగు పాఠములు చెప్పుకొనువారము, అందునా ముస్లింలము, మాకు ఆ కథతో ఏమి పని అని పాఠకులు అడుగవచ్చును. పని పడినది. ఎట్లు పడినదో తరువాత చెప్పెదము. ముందు కథ వినవలెను.

మధ్యధరా సముద్రపుటొడ్డున కైసరయ అను రేవుపట్టణము ఉండెను. హేరోదు రాజు దానిని కట్టించి, రోమా చక్రవర్తి గౌరవార్థము ఆ పేరు పెట్టినాడు. యూదయ దేశమును ఏలిన రోమా అధిపతులు అక్కడనే నివసించెడివారు. యేసునకు మరణశిక్ష విధించిన పిలాతు పేరు చెక్కిన రాయి 1961వ సంవత్సరమున ఆ శిథిలములలోనే బయటపడినది. అనగా అది పాలకుల ఊరు, పటాలముల ఊరు. అక్కడి ఇటలీ పటాలములో కొర్నేలీ అను శతాధిపతి ఉండెను. అతడు యూదుడు కాడు. యూదుల దృష్టిలో అన్యుడు. అంతకన్న, దేశమును ఆక్రమించుకొన్న సైన్యపు మనిషి. అయినను ఇంటిల్లిపాదితోను దైవభీతి గలిగి, ఎడతెగక ప్రార్థన చేయుచు, ఆ దేశపు ప్రజలకు విరివిగా ధర్మము చేయుచుండెను. ఒకనాటి మధ్యాహ్నము, మన లెక్కలో మూడు గంటలవేళ, అతనికి దర్శనములో దేవదూత కనిపించినాడు. ఆ దూత చెప్పిన మాట యొక్క సారాంశము ఇది: నీ ప్రార్థనలు, నీ దానములు రెండును దేవుని సన్నిధికి చేరి అక్కడ జ్ఞాపకముగా నిలిచినవి.

ఎంత ఇచ్చినాడో దూత చెప్పలేదు. ఎవరికి ఇచ్చినాడో అసలే చెప్పలేదు.

ఈ 'జ్ఞాపకము' అను మాట వద్ద కొంచెము ఆగవలెను. గ్రీకు మూలమున వాడిన పదము ఊరక వచ్చిన పదము కాదు. పాత నిబంధనలోని లేవీయకాండము రెండవ అధ్యాయమున ధాన్య నైవేద్యపు విధి కలదు. భక్తుడు మెత్తని పిండి, నూనె, సాంబ్రాణి తెచ్చును. యాజకుడు అందులోనుండి పిడికెడు పిండి తీసి, సాంబ్రాణి అంతయు కలిపి బలిపీఠము మీద దహించును. ఆ పిడికెడు భాగమునకు జ్ఞాపకభాగమని పేరు. పాత నిబంధనను గ్రీకులోనికి మార్చిన పండితులు అక్కడ వాడిన పదమునే కొర్నేలీ కథలో లూకా వాడినాడు. ఇందులోని సాహసమును గమనింపుడు. యెరూషలేము దేవాలయమున అన్యులు దాటరాని అడ్డుగోడ ఒకటి ఉండెడిది. దాటినవాని చావునకు వాడే బాధ్యుడని గ్రీకు భాషలో చెక్కిన హెచ్చరిక శిల 1871లో దొరికినది. అటువంటి గోడకు అవతల నిలువవలసిన మనిషి యొక్క మాటలను, చిల్లర డబ్బులను, బలిపీఠము మీది పిడికెడు పిండితో సమానము చేసి చెప్పినాడు గ్రంథకర్త.

దేవునకు మరపు ఉన్నదా, జ్ఞాపకము చేయుటకు? ఈ ప్రశ్న మా విద్యార్థి ఒకడు అడిగినాడు. ప్రశ్న మంచిదే. హీబ్రూ గ్రంథములలో దేవుడు ఒకనిని జ్ఞాపకము చేసికొన్నాడనగా, మరచినది గుర్తుకు వచ్చినదని అర్థము కాదు; వానికై ఏదో చేయ సంకల్పించినాడని అర్థము. నోవహును జ్ఞాపకము చేసికొన్నాడు, జలప్రళయము తగ్గినది. హన్నాను జ్ఞాపకము చేసికొన్నాడు, ఆమెకు బిడ్డ కలిగినాడు. మన తెలుగులోను ఇట్టి వాడుక లేకపోలేదు. పెద్ద ఉద్యోగమునకు పోవు బంధువుతో "మమ్మల్ని కాస్త గుర్తుపెట్టుకోండి" అందుము గదా! అతని జ్ఞాపకశక్తిని శంకించి అను మాటయా అది?

అయితే ఇక్కడ క్రైస్తవుల పక్షమున ఒక మాట న్యాయముగా చెప్పవలెను. ఈ కథ ఇంతటితో ముగియదు. నీ దానములు చాలును, ఇక నిశ్చింతగా ఉండుమని దూత చెప్పలేదు. యొప్పే అను ఊరిలో సముద్రము దగ్గర, తోలు పని చేయు సీమోను ఇంటిలో దిగియున్న పేతురును పిలిపించుకొనుమన్నాడు. పేతురు వచ్చినాడు, దేవునకు పక్షపాతము లేదని, ఏ జనములోనైనను భయభక్తులతో నీతిగా నడచువాడు ఆయనకు అంగీకృతుడని తానిప్పుడు గ్రహించినానని చెప్పినాడు, క్రీస్తును ప్రకటించినాడు, ఆ ఇంటివారు బాప్తిస్మము పొందినారు. సున్నతి లేనివారి ఇంట భోజనము చేసినాడని యెరూషలేములోని స్వజనులు పేతురును నిలదీసినారు కూడ. దానములు మోక్షమునకు మూల్యమా, కాదా అను విషయమున క్రైస్తవ పండితులలో దీర్ఘచర్చ జరిగినది. క్రీస్తును విశ్వసింపక పూర్వమే కొర్నేలీ దానములు అంగీకరింపబడినవి గాని, అప్పటికే అతనిలో ఏదో ఒక విశ్వాసము లేకపోలేదని ఐదవ శతాబ్దమున అగస్టీను వ్రాసినాడు. అతడు అప్పటికే దైవాత్మచే వెలిగింపబడినవాడని, కనుక ఇది క్రియలవలన వచ్చిన ఘనత కాదని పదహారవ శతాబ్దమున కాల్విన్ వాదించినాడు. ఆ వివాదము తీర్చుట మా పని కాదు. దానము దేవునికి తెలియునా అను ప్రశ్న మాత్రము వారిలో ఎవరికిని రాలేదు. అది ఉభయులకును సమ్మతమే.

ఇక మాకు పని పడిన విధము.

నాలుగు సంవత్సరముల క్రిందట ఒక దాతృసంస్థవారు బీద విద్యార్థులకు పరీక్షరుసుము సహాయము చేయ నిశ్చయించి, పట్టణములోని ఒక ఫంక్షన్ హాలులో సభ ఏర్పాటు చేసినారు. ఉర్దూ, తెలుగు రెండును మాటాడగలమని మైకు మాకు అప్పగించినారు. మేమును సంతోషముగనే ఒప్పుకొన్నాము. ఆ మాట దాచనక్కరలేదు. పేరు పిలువగానే విద్యార్థి వేదిక ఎక్కవలెను, చెక్కు ఒక కొన దాత, రెండవ కొన తాను పట్టుకొని ఫోటో తీయువరకు నిలువవలెను, దిగిపోవలెను. మా తరగతి కుర్రవాని పేరు వచ్చినది. పిలిచినాము. కదలలేదు. తండ్రి పేరుతో సహా మరల పిలిచినాము. మూడవసారి తరగతి, విభాగము కూడ జోడించి పిలిచినాము. అతడు అయిదవ వరుసలో తల వంచుకొని కూర్చుండుట మాకు వేదిక మీదినుండి కనబడుచునే ఉన్నది. వేదిక మీద తీసికొనని సొమ్ము నిధికి తిరిగి జమ యగునని వారి నియమము. అట్లే జమ అయినది.

మరునాడు అతడు స్టాఫ్ రూముకు వచ్చినాడు.

"ఏం బాబూ, ఎందుకు లేవలేదు?" అని అడిగినాము.

"మా ఆపా సంబంధం మాట్లాడుతున్నారు సార్. అబ్బాయి మామూజాన్ ముందు వరుసలోనే ఉన్నారు. ఎట్లా లేస్తాను సార్?" అన్నాడు. కొంతసేపు ఊరకుండి, "మీ గొంతు బాగా వినిపిస్తుంది సార్. హాలు మొత్తానికి వినిపించింది" అన్నాడు.

అందులో నిందయే ఉన్నదో, ఉన్న విషయమే చెప్పినాడో నేటికిని మాకు తెలియలేదు. ఆ సంబంధము ఆ నెలలోనే తప్పిపోయినది. పరీక్షరుసుము జరిమానాతో కలిపి నెల తరువాత అతని తల్లి ఎక్కడినుండియో తెచ్చి కట్టినది. అతడు ఆ సంవత్సరము మా తరగతికి హాజరు చాలినన్ని దినములు మాత్రమే వచ్చినాడు.

ఆ సాయంత్రము గ్రంథాలయములో ఒంటరిగా కూర్చుండగా, కిటికీలు మూయుచున్న అటెండరు మా ముఖము చూచి సంగతి అడిగి తెలిసికొన్నాడు. అతడు క్రైస్తవుడు. కిటికీ గడియ వేయుచునే, "కొర్నేలీ డబ్బులు ఎవరెవరు తీసుకున్నారో మా బైబిల్లో రాయలేదు సార్" అన్నాడు. కొర్నేలీ ఎవరని మేము అడిగినాము. ఆ రాత్రియే ఆ అధ్యాయము చదివినాము.

తరువాత అతని ఇంటికి ఒకసారి పోయినాము. వంటగది మూలన మూతపెట్టిన చిన్న కుండ ఉన్నది. అతని భార్య ప్రతిపూట ఎసటిలో బియ్యము పోయుటకు ముందు పిడికెడు తీసి ఆ కుండలో వేయును. ఆదివారమునాడు అది గుడికి పోవును. తెలుగు క్రైస్తవ కుటుంబములలో, ముఖ్యముగా పల్లెలలో, ఇది పాత అలవాటు. మిజోరాము క్రైస్తవులలో ఇదే పద్ధతి బుహ్ఫాయ్ థామ్ అను పేరుతో రాష్ట్రమంతట వ్యాపించియున్నది. ఇంటిలో అన్నము తినువారు తమ పళ్ళెములో ఆ పిడికెడు తగ్గినట్లు ఎరుగరు. గుడిలో కుప్ప పోసిన పిదప ఏ గింజ ఎవరిదో దైవమునకే ఎరుక. లేవీయకాండములోని పిడికెడు పిండి ఆమెకు తెలియునో తెలియదో మేము అడుగలేదు.

మత్తయి సువార్త ఆరవ అధ్యాయమున యేసు మూడు విషయములు వరుసగా చెప్పినాడు: దానము, ప్రార్థన, ఉపవాసము. మూడింటికిని ఒకే నియమము. మనుష్యులు చూడవలెనని చేయకుడు; గుప్తముగా చేసినది తండ్రికి కనబడును. బూరలు ఊదించుకొని ధర్మము చేయువారిని అక్కడ ఆయన పిలిచిన పేరును మనము వేషధారులని తెనిగించుకొన్నాము. గ్రీకు పదమునకు నాటకమాడువాడనియే అసలు అర్థము. అనగా వేదిక మీది మనిషి. అట్టివారికి ఫలము పూర్తిగా ముట్టినదని చెప్పు క్రియాపదము ఆ కాలపు వర్తకులు సొమ్ము చెల్లినదని వ్రాసి ఇచ్చు రసీదులలో వాడిన పదము. ఆ కాలపు పపైరసు పత్రములు అనేకము ఈజిప్టు ఇసుకలో దొరికిన తరువాత పండితులకు ఈ సంగతి స్పష్టపడినది. చప్పట్లు కొట్టినారు, రసీదు ముట్టినది, లెక్క తెగినది. ఇక పైన జమ వేయుటకు ఏమియు లేదు.

ఎడమచేతికి తెలియకుండ కుడిచేయి ఇచ్చుట అను ఉపమానము కూడ అక్కడనే ఉన్నది. మన విద్యార్థులకు ఇది కొత్తగా తోచదు. మహాప్రళయదినమున దైవచ్ఛాయలో నిలుచు ఏడుగురిలో అట్టి దాత ఒకడని హదీసు చెప్పుచున్నది. బాహాటముగా ఇచ్చుట మంచిదే గాని, బీదలకు గుట్టుగా ఇచ్చుట మీకు మరింత మేలని ఖుర్ఆను బఖరా సూరాలోని ఉపదేశము. ఎత్తిపొడుపువలన దానము వ్యర్థమగునని కూడ అక్కడనే కలదు. ఇన్ని చోట్ల విన్నవారము, మైకు ముందు మాత్రము మరచినాము.

లెక్కలు రహస్యమైనచో అక్రమములు పెరుగవా అని కమిటీ పెద్దలు అడుగుదురు. ఇది త్రోసివేయదగిన మాట కాదు. అదే మత్తయి సువార్తలో, ఒక అధ్యాయము ముందు, మీ సత్క్రియలు చూచి జనులు దేవుని స్తుతించునట్లు మీ వెలుగు కనబడనిండని యేసు చెప్పినాడు. బర్నబా పొలము అమ్మి సొమ్ము తెచ్చి అపొస్తలుల పాదములకడ పెట్టినాడని పేరుతో సహా అపొస్తలుల కార్యములలో వ్రాసియున్నది. యెరూషలేము బీదల కొరకు చందాలు వసూలు చేసినప్పుడు పౌలు ఆ సొమ్ము తానొక్కడే మోసికొని పోలేదు. సంఘములు ఎన్నుకొన్న మనుష్యులను వెంటబెట్టుకొన్నాడు. ప్రభువు దృష్టిలోనే గాక మనుష్యుల దృష్టిలోను అంతయు సవ్యముగా ఉండవలెనని కొరింథీయులకు వ్రాసినాడు. ఆడిటు అను మాట లేదు గాని, ఆడిటు ఉన్నది.

కాని విధవరాలి కథ చూడుడు. దేవాలయపు కానుకపెట్టె ఎదుట యేసు కూర్చుండి చూచుచుండెను. ధనవంతులు చాల వేసినారు. బీద విధవరాలు రెండు చిన్న రాగి కాసులు వేసినది. ఆ కాసుల లెక్క, వాని విలువ కూడ, మార్కు వ్రాసినాడు. ఆమె పేరు వ్రాయలేదు. పేదరాలి విషయమున సువార్తికుడు ఇంత జాగ్రత్త పడినాడని మా ఊహ. ఊహ తప్పు కావచ్చును. పేరు ఆయనకు తెలియకయే పోయియుండవచ్చును.

ఊహ కాని సాక్ష్యము మరియొకటి కలదు. ఆ యెరూషలేము దేవాలయములోనే గుప్తదానపు గది ఒకటి ఉండెనని యూదుల మిష్నా గ్రంథము చెప్పుచున్నది. పాపభీతి గలవారు అందులో రహస్యముగా వేసి పోయెడివారు. మంచి కుటుంబములలో పుట్టి బీదలైనవారు ఆ గదిలోని సొమ్ముతోనే రహస్యముగా పోషింపబడెడివారు. ఇచ్చినవానికి పుచ్చుకొన్నవాడు తెలియడు, పుచ్చుకొన్నవానికి ఇచ్చినవాడు తెలియడు. రెండువేల సంవత్సరముల క్రిందట, కంప్యూటరు లేదు, బ్యాంకు ఖాతా లేదు, అయినను ఇట్టి ఏర్పాటు సాధ్యమైనది. మనకు ఏల అసాధ్యము?

దాతల పేర్లు ప్రకటించుటపై మాకు గట్టి పట్టుదల లేదు. ఇచ్చినవారికి కొంత గౌరవము దక్కినచో పదిమంది ఇచ్చుటకు ముందుకు వత్తురేమో. అది వారికిని దేవునికిని మధ్యనున్న లెక్క. అయితే ఒక ఉపప్రసంగము: యాకోబు వ్రాసిన పత్రికలో, కోత కోసిన కూలివారికి ఎగవేసిన కూలి కేకలు వేయుచున్నదని, ఆ కేక సర్వసైన్యాధిపతియగు ప్రభువు చెవిని బడినదని ఉన్నది. కొర్నేలీ దానము పైకి పోయిన దారినే ఎగవేసిన కూలియు పైకి పోవుచున్నదన్నమాట. దుకాణపు కుర్రవానికి మూడు నెలల జీతము ఆపి వేదిక మీద చెక్కు పట్టుకొనువారు ఆ అధ్యాయము కూడ చదువుకొనుట మంచిది.

పుచ్చుకొన్నవారి పేర్లు మాత్రము వేరు సంగతి. అడుగుటలోనే రెండు విధములున్నవి. మీరు అడుగక పూర్వమే మీ అక్కర తండ్రికి తెలియునని యేసు చెప్పిన వెంటనే, మరి అడుగుట ఎందుకను సందేహము క్రైస్తవులకును కలిగినది. క్రీ. శ. 412 ప్రాంతమున ప్రోబా అను రోమా విధవరాలు ప్రార్థన ఎట్లు చేయవలెనని అగస్టీనును అడిగినది. 410లో గోతులు రోమును కొల్లగొట్టగా ఆఫ్రికాకు తరలివచ్చిన సంపన్నురాలు ఆమె. మన కోరిక దేవునికి తెలుపుటకు కాదు ప్రార్థన. ఆయన ఇవ్వనున్నది పట్టునంతగా మన హృదయపాత్ర పెద్దదగుటకు అని ఆయన సమాధానమిచ్చినాడు. అనగా దేవుని అడిగినవాడు పెరుగును. మా మైకు ముందు అడిగించుకొన్నవాడో? ఆ కుర్రవాడు మా కళ్ళయెదుటనే ఆ కుర్చీలో చిన్నవాడైపోయినాడు.

మా కళాశాలలోను బీద విద్యార్థుల నిధి కలదు. దాని వలన చదువు సాగినవారు ఎందరో ఉన్నారు. కమిటీవారి శ్రమను మేము తక్కువ చేయుటలేదు. కాని ఈ వార్షిక సంచిక పాత ప్రతులు తిరుగవేసినచో, సహాయము పొందినవారి సామూహిక చిత్రము, క్రింద వరుసగా పేర్లు కనబడును. ఇప్పుడైతే ఆ చిత్రము అచ్చు కాకమునుపే వాట్సాపులో ఊరు చుట్టి వచ్చును. ఆ పుట తొలగింపుడని మా మనవి. నిధికి వచ్చినదెంత, పోయినదెంత, ఎందరికి, ఏయే రుసుముల క్రింద అను లెక్క పైసలతో సహా ఆ పుటలోనే అచ్చువేయుడు. పేర్ల పట్టీ ప్రిన్సిపాలుగారి బీరువాలో ఉండనిండు. ఆడిటరుగారు వచ్చి చూచుకొందురు. సొమ్మును విద్యార్థి చేతికి కాక నేరుగా రుసుముల ఖాతాకు జమ చేయవచ్చును. ఆఫీసు గుమాస్తాకు ఇది పది నిమిషముల పని అని ఆయననే అడిగి తెలిసికొన్నాము.

ఇచ్చువారు ఫోటో లేనిదే ఇవ్వరని కొందరు మిత్రులు హెచ్చరించినారు. కొందరు ఇవ్వకపోవచ్చును. మొదటి సంవత్సరము నిధి తగ్గుననియే మేమును అనుకొనుచున్నాము. ఆ తగ్గిన మేరకు అధ్యాపకులము నెలకింతయని మా జీతములలో కోయించుకొందుమని తొమ్మిదిమంది సంతకములు చేసినారు. వారి పేర్లు ఇక్కడ వ్రాయుట లేదు.

దరఖాస్తు నమూనా ఒకటి తయారుచేసి ప్రిన్సిపాలుగారి బల్ల మీద ఉంచినాము. ఒకే కాగితము. ఫోటో అంటించుటకు గడి లేదు.